ఇంటి నడుమ ఖాళీ: పదేళ్లు వాడిన తర్వాత

ఈ ఇల్లు కట్టేటప్పుడు నేను పట్టుబట్టి సాధించుకున్నది ఒక్కటే, ఇంటి మధ్యలో గాలి ఆడడానికి ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ఖాళీ. మండువా అనడానికి చిన్నది, మేస్త్రీలు డక్ట్ అనేదానికంటే పెద్దది. మేడ కప్పుకు రెండడుగుల ఎత్తున దానిమీద రేకు, రేకు కింద నాలుగు వైపులా ఏటవాలు పలకల జాలీ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి మా పాత పెంకుటిల్లు సగం పోయింది. ఆ స్థలంలోనే కట్టుకున్న ఈ ఇంటికి పదేళ్లు దాటాయి. ఇల్లు కడుతున్నామని ఎవరు చెప్పినా నా నోట ముందు వచ్చే మాట ఇప్పటికీ ఈ ఖాళీ గురించే.

మా బరంపురం పాత వీధుల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఇటూ అటూ ఉమ్మడి గోడలు, ముందు వీధి, వెనక పెరడు, మధ్య గదులకు కిటికీ పెట్టే చోటే ఉండదు. పాత ఇంట్లో నాన్నగారి పుస్తకాల బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టేది. స్నానాల గది మూలన నల్లగా పట్టిన బూజు ఎన్నిసార్లు తోమినా మళ్లీ వచ్చేది. కొత్త ఇంట్లో వంటగది, స్నానాల గది, నడిమి గది మూడింటి కిటికీలూ ఈ ఖాళీలోకే తెరిపించాను. వేడిగాలి పైకి పోతూ అన్నం వార్చిన ఆవిరినీ, స్నానపు ఆవిరినీ తనతో లాక్కుపోతుంది. మాఘమాసపు సాయంత్రం ఖాళీ అడుగున అగరుబత్తి పట్టుకుని నిలబడితే పొగ వణక్కుండా నిటారుగా జాలీ దాకా వెళ్లేది. ఉదయం పదికల్లా స్నానాల గది నేల పొడిగా ఉండేది. దీనికి మించి ఏమీ అవసరం లేదని బంధువులందరికీ చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

నాలుగో ఏడు పడకగదిలో ఏసీ పెట్టించాం. దానికీ నడిమి గదికీ మధ్య ఉన్నది ఐదంగుళాల గోడ. అటువైపు ఆ గోడకే ఆనించి అమ్మ చెక్క బీరువా ఉండేది. భాద్రపదంలో వరలక్ష్మీవ్రతం చీరలు లోపల పెడదామని అమ్మ తలుపు తీసింది. అడుగున ఉన్న కుంభాల అంచు బరంపురం పట్టుచీర విప్పగానే మడత వెంబడి వరుసగా ఆవగింజలంత బూడిదరంగు చుక్కలు. "మొన్న దులిపి పెట్టిందే కదరా, ఈ మచ్చలేమిటి?" అంది. బీరువా జరిపి చూస్తే వెనక గోడమీద సరిగ్గా బీరువా కొలతకే బూజు అచ్చు పోసినట్టు ఉంది. చెయ్యి ఆనిస్తే గోడ చల్లగా తగిలింది. పైనుంచి కారడం లేదు, పునాది నుంచి నిమ్ము ఎక్కడం లేదు. నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాదిమీద పోసే పొర, డీపీసీ, నా కళ్లముందే వేయించాను.

కారణం అర్థం కావడానికి నాకు నెల పట్టింది. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే, సుమారు 26 డిగ్రీలకు చల్లబడేసరికే నీరు వదులుతుంది. బూజు పట్టడానికి అంత చల్లదనం కూడా అక్కర్లేదు. గోడను అంటుకున్న గాలిలో తేమ రోజుల తరబడి 80 శాతం పైన ఉంటే చాలు. మేము రాత్రంతా ఏసీ 22లో నడిపేవాళ్లం. గోడ నడిమి గది వైపు కూడా చల్లబడేది. గది వెచ్చదనం ఆ గోడకు తగలకుండా బీరువా అడ్డు నిలిచేది. ఇక ఆ గోడకు తేమ మోసుకొచ్చింది నేను అంతగా పొగిడిన గాలే. రాత్రిళ్లు కిటికీలు తెరిస్తే ఇల్లు ఆరుతుందనుకున్నాను. సముద్రం దగ్గరి ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో బయటి గాలే తడి. పైగా లోపలా బయటా వేడి దాదాపు ఒకటే కావడంతో ఆ కాలంలో ఖాళీ లాగే గాలి కూడా తగ్గిపోతుంది. తేమ కొలిచే చిన్న యంత్రం కొని చూశాను. కిటికీలు మూసిన రాత్రి నడిమి గదిలో 78, తెరిచిన రాత్రి 87.

బీరువాను ఎదుటి గోడవైపు మార్చి, గోడకు నాలుగంగుళాల ఎడం వదిలి, కింద కాళ్లు వేయించాను. ఏసీ 26కు పెంచాం. బూజు పట్టిన గోడమీది ప్లాస్టిక్ పెయింటు గీకించి సున్నం వేయించాను. సున్నం క్షారం కాబట్టి బూజు అంత త్వరగా నిలదొక్కుకోదు, గోడకు పట్టిన తడి కూడా బయటికి పోగలదు. కానీ ఆ గుణం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, మళ్లీ వేయించుకుంటూ ఉండాలి. నడిమి గది కిటికీకి రెక్కలు పెట్టించాం. వానాకాలం రాత్రిళ్లు అవి మూసి ఉంటాయి. పొద్దున ఏసీ ఆపి, గోడ చల్లదనం పోయాకే తెరుస్తాం. స్నానాల గది కిటికీ మాత్రం ఏ కాలంలోనూ మూయం, దానికి ఫ్యాను తోడు పెట్టాం. గోడమీద ఆ మచ్చ మళ్లీ రాలేదు.

తిత్లీ తుపానుకు జాలీలోంచి జల్లు ఏటవాలుగా కొట్టింది. ఖాళీ అడుగున నీరు పోయే తూము ఉంది కాబట్టి గదుల్లోకి రాలేదు. ఆ తూము లేకుండా ఎవరూ ఇలాంటిది కట్టవద్దు.

మళ్లీ కడితే ఈ నలభై ఎనిమిది చదరపు అడుగులు ఖాళీగా వదులుతానా? మా స్థలంలో అయితే తప్పకుండా వదులుతాను. అయితే మా ఇంట్లో పగలంతా అమ్మ ఉంటుంది, మబ్బు చూసి రెక్కలు మూస్తుంది, తెరుస్తుంది. పొద్దున తాళం వేసి రాత్రికి వచ్చేవారి సంగతి నేను చెప్పలేను. జయపురంలో ఇల్లు కడుతున్న మా బాబాయి కొడుకు అడిగితే, నాలుగు వైపులా కిటికీలు వచ్చే స్థలం కాబట్టి ఖాళీ వద్దని, ఆ డబ్బుతో కిటికీలమీద సజ్జలు వెడల్పుగా పోయించుకోమని, ఏసీ గది గోడకు అటువైపు బీరువా గూడు కట్టించవద్దని చెప్పాను. వాడు ప్లాను మార్పించాడు.