డేర్‌డెవిల్ మొదటి సీజన్: ఇల్లు ఖాళీ చేయించే విలన్, ఆయాసపడే హీరో

ముందే చెప్పేస్తున్నా, హీరో గాల్లో ఎగరాలి, కళ్ళలోంచి నిప్పులు రావాలి, క్లైమాక్స్‌లో సగం ఊరు కూలిపోవాలి అనుకునేవాళ్ళు ఇది మొదలుపెట్టకండి, రెండు ఎపిసోడ్లకే విసుగొస్తుంది. మార్వెల్ సూపర్‌హీరో సిరీస్ డేర్‌డెవిల్ మొదటి సీజన్ 2015 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, మొత్తం 13 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు గంట. ఇందులో ఊరు కూలడం ముందే అయిపోయింది. 2012లో వచ్చిన అవెంజర్స్ సినిమాలో గ్రహాంతరవాసులు న్యూయార్క్ మీద పడి నానా బీభత్సం చేశారు కదా, ఆ హీరోలంతా చేతులు దులుపుకుని వెళ్ళిపోయాక ఆ శిథిలాలు ఎత్తేదెవరు, మళ్ళీ కట్టే కాంట్రాక్టులు ఎవరికి, ఆ సందట్లో పేటలకి పేటలు చవగ్గా కొట్టేస్తున్నదెవరు, ఇదీ కథ.

అంటే మన తెలుగు సినిమా కథే. బస్తీ ఉంటుంది, దాన్ని ఖాళీ చేయించాలనుకునే పెద్దమనిషి ఉంటాడు, రౌడీలొస్తారు, ఒక ముసలావిడ ఏడుస్తుంది, హీరో వచ్చి లారీడు మందిని లేపేస్తాడు. బెంగళూరు మారతహళ్ళిలో మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళే మనవాళ్ళకి ఇదేం కొత్త? కొత్తదనం ఎక్కడంటే ఖాళీ చేయించే పద్ధతిలో. కార్డెనాస్ అనే పెద్దావిడ హెల్స్ కిచెన్ అనే న్యూయార్క్ పేటలో పాత అద్దె చట్టం కింద తక్కువ అద్దెకి ఏళ్ళ తరబడి ఉంటుంది, అద్దె పెంచడానికి వీల్లేదు, వెళ్ళగొట్టడానికీ వీల్లేదు. కాబట్టి ఓనర్ గొడవ పడడు, రిపేర్లని పనివాళ్ళని పంపిస్తాడు, వాళ్ళొచ్చి ఇల్లంతా పగలగొట్టి అలాగే వదిలేసి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఉంటే ఉండు, లేకపోతే ఇంత డబ్బిస్తాను తీసుకుని పో. బెంగళూరులో అద్దెకుండేవాళ్ళకి ఈ సీన్ విడిగా వివరించక్కర్లేదు. పది నెలల అడ్వాన్స్ కట్టి, ఖాళీ చేసే రోజు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోసేసుకున్నా నోరెత్తలేక సంతకం పెట్టి వచ్చేసిన బ్యాచ్ మనం. మా ఆవిడ ఆ ఎపిసోడ్ చూస్తూ విలన్ని వదిలేసి ఆ ఓనర్నే తిడుతూ కూర్చుంది.

హీరో పేరు మ్యాట్ మర్డాక్. చిన్నప్పుడు రోడ్డు మీద ఒక ముసలాయన్ని కాపాడబోతే లారీలోని కెమికల్ కళ్ళలో పడి చూపు పోతుంది, మిగతా ఇంద్రియాలు మాత్రం విపరీతంగా పదునెక్కుతాయి. అవతలివాడి గుండె చప్పుడు విని అబద్ధమా నిజమా చెప్పేస్తాడు. పెద్దయ్యాక లాయరయ్యి, కాలేజీ దోస్తు ఫాగీతో కలిసి చిన్న ఆఫీసు పెడతాడు, క్లయింట్లు లేరు, ఉన్నవాళ్ళ దగ్గర డబ్బుల్లేవు. పగలు కోర్టు, రాత్రి మొహానికి నల్లగుడ్డ కట్టుకుని తన్నులాట. తన్నడమే కాదు, బాగా తన్నులు తింటాడు కూడా, ఒక ఎపిసోడ్‌లో అయితే మనవాడు పరిచయమయ్యేదే చెత్తకుండీలో స్పృహ లేకుండా.

ఆ ఎపిసోడ్‌లోనే, అంటే రెండోదాంట్లో, అందరూ మాట్లాడుకునే కారిడార్ ఫైటు ఉంది. ఎత్తుకెళ్ళిన పిల్లాడి కోసం వెళ్తాడు. సన్నటి వరండా, అటూ ఇటూ గదులు, కెమెరా మధ్యలో నెమ్మదిగా అటొకసారి ఇటొకసారి తిరుగుతుంది, కట్ చేసినట్టే కనపడదు. ఫైటు గదిలోకి వెళ్ళిపోతే మనకి చప్పుడే వినిపిస్తుంది, కాసేపటికి తలుపులోంచి ఒక మైక్రోవేవ్ ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. నాకు నచ్చిందేంటంటే కొట్టినవాడు కొట్టినట్టే పడి ఉండిపోడు. మూలుగుతూ మళ్ళీ లేస్తాడు, మళ్ళీ కొట్టాలి. మ్యాట్ మధ్యలో గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటాడు, ముందు రాత్రి తగిలిన దెబ్బలే ఇంకా మానలేదు. బ్యాక్‌గ్రౌండ్‌లో డప్పులు మోగించి మనల్ని రెచ్చగొట్టే ప్రయత్నం కూడా లేదు. మన ఫైట్ మాస్టర్లకి టాలెంట్ తక్కువని కాదు, హీరో అలిసిపోవడం అనే సంగతి రాసే ధైర్యం మన రచయితలకి తక్కువ.

కానీ ఈ సీజన్ నిలబడింది మ్యాట్ వల్ల కాదు, విలన్ విల్సన్ ఫిస్క్ వల్ల. విన్సెంట్ డొనాఫ్రియో వేశాడు. మొదటి రెండు ఎపిసోడ్లలో మనిషి కనపడడు, పేరు ఎత్తడానికే అందరూ వణుకుతారు, ఒకడైతే పేరు చెప్పిన పాపానికి తన ప్రాణం తనే తీసుకుంటాడు. అంత బిల్డప్ ఇచ్చి మూడో ఎపిసోడ్ చివర ఎక్కడ చూపించారయ్యా అంటే, ఒక ఆర్ట్ గ్యాలరీలో, తెల్లటి పెయింటింగ్ ముందు, ఒంటరిగా నిలబడి. పక్కకొచ్చిన అమ్మాయి ఇది చూస్తే ఏమనిపిస్తోందని అడిగితే ఒంటరిగా అనిపిస్తోందంటాడు. గుండు, కొండలాంటి శరీరం, గొంతు మాత్రం తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ. ఆ అమ్మాయి వనెస్సాని భోజనానికి పిలవడానికి చచ్చేంత సిగ్గుపడతాడు. తర్వాత ఎపిసోడ్‌లో ఆమెతో డిన్నర్ చేస్తుంటే ఒక రష్యన్ రౌడీ పని మీద లోపలికొస్తాడు, ఆమె ముందు పరువు పోయిందని వాడికి కారు డోరుతో ఏం చేస్తాడో నేను రాయను. ఊరంతా కొనేసే మనిషికి కోపం వచ్చింది వ్యాపారం చెడినందుకు కాదు, డేట్ చెడినందుకు. ఎనిమిదో ఎపిసోడ్‌లో వాడి చిన్నతనం చూపిస్తారు, అప్పులు చేసి ఎలక్షన్లో నిలబడ్డ తండ్రి, ఇంట్లో బెల్టు దెబ్బలు, ఎదురుగా తెల్లగోడ. పెయింటింగ్ ఎందుకు కొన్నాడో అప్పుడు తెలుస్తుంది, నోరు విప్పి ఎవరూ చెప్పరు కూడా. జాలేస్తుంది, జాలేసిన పది నిమిషాలకి మళ్ళీ అసహ్యం వేస్తుంది. వీడు నిజంగానే ఈ ఊరిని బాగుచేస్తున్నానని నమ్ముతాడు, అదే భయం.

నర్సు క్లెయిర్‌గా రొజారియో డాసన్ ఉన్నంతసేపూ బాగుంది, అయితే సగం నుంచి మాయమైపోతుంది, అదొక లోటు. ఇక విలేకరి బెన్ యూరిక్ ట్రాక్, పేపర్ అమ్ముడుపోక ఎడిటర్ సాఫ్ట్ వార్తలు అడగడం, భార్య ఆసుపత్రిలో, చూస్తుంటే ఇదొక్కటే విడిగా సిరీస్ తీయొచ్చు అనిపించింది.

ఇప్పుడు తిట్లు. 13 ఎపిసోడ్లు ఎక్కువ, పదిలో చెప్పేయొచ్చు. ఫాగీ, వాళ్ళ ఆఫీసులో పనిచేసే క్యారెన్ బార్‌లో కూర్చుని పేలని జోకులు వేసుకునే సీన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక లేదు. ఏడో ఎపిసోడ్‌లో మ్యాట్ గురువు స్టిక్ వస్తాడు, స్కాట్ గ్లెన్ చాలా బాగా చేశాడు, కానీ బ్లాక్ స్కై అంటూ చెప్పే ఆ పిల్లాడెవరు, ఆ యుద్ధం ఏంటి, ఏదీ ఈ సీజన్లో తేలదు, తర్వాత వాటికి పెట్టుబడి అని తెలిసిపోతూ ఉంటుంది. అద్దె ఇళ్ళ కథలోకి నింజా కత్తులు ఎందుకండీ. పదో ఎపిసోడ్ మాత్రం దోస్తులిద్దరూ గదిలో కూర్చుని గొడవ పడటమే దాదాపు, అబద్ధం చెప్పిన దోస్తుని ఎలా నమ్మాలి అని ఫాగీ ఏడుస్తుంటే అప్పటిదాకా వాడి మీదున్న చిరాకు నాకు పోయింది. ఇక ఆఖరి ఎపిసోడ్‌లో ఎర్ర సూట్. ఇన్నాళ్ళూ నల్లగుడ్డలో మనిషిలా ఉన్నవాడు హెల్మెట్ పెట్టగానే బొమ్మలా అయిపోయాడు, చివరి ఫైటు కూడా హడావుడిగా ముగించేశారు. కారిడార్ ఫైటు తీసినవాళ్ళేనా అని డౌటొచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. హీరోకి చూపు లేని ఈ సిరీస్‌ని విడుదల రోజున చూపు లేనివాళ్ళు ఫాలో అవ్వలేకపోయారు, ఎందుకంటే తెర మీద ఏం జరుగుతోందో గొంతుతో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ పెట్టలేదు. వాళ్ళు గట్టిగా అడిగితే కొద్ది రోజుల్లోనే నెట్‌ఫ్లిక్స్ దాన్ని చేర్చింది, ఆ సౌకర్యం నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైందే దీంతో. ఒక ఎపిసోడ్ కళ్ళు మూసుకుని అలా విని చూడండి, ముఖ్యంగా మ్యాట్ గుండె చప్పుళ్ళు వినే సీన్లు, వేరే రకంగా ఉంటాయి.

2022లో ఇది నెట్‌ఫ్లిక్స్ నుంచి డిస్నీ చేతికి పోయింది, మన దగ్గర జియోహాట్‌స్టార్‌లో వెతకండి. మార్వెల్ సినిమాలేవీ చూడకపోయినా అర్థమవుతుంది, అవెంజర్స్ గొడవ ఒకటి రెండు మాటల్లో తేల్చేస్తారు. సీన్లు బాగా చీకటిగా ఉంటాయి, పగలు కర్టెన్ వెయ్యకుండా చూస్తే మీ మొహమే కనిపిస్తుంది టీవీలో. ఫోన్లో, అదీ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బస్సులో కూర్చుని అయితే అసలొద్దు. పిల్లల్ని పడుకోబెట్టాకే పెట్టండి, నాలుగో ఎపిసోడ్ మాత్రం అన్నం కంచం పక్కన పెట్టాక.