మార్పుల మూటను సర్వర్ విప్పే తీరు: ఒక్కొక్కటిగానా, గుంపుగానా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది ఒడ్డు వీధులను, అందరూ కలిసి గీసే ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసే తెలుగువారు తమ పనినంతా ఒకే మూటగా (ఛేంజ్‌సెట్) సర్వర్‌కు పంపుతుంటారు. ఒక్క ఛేంజ్‌సెట్‌లో 10,000 మార్పుల వరకు పడతాయి.

వాటిని ఒక్కొక్కటిగా చదివి, వెర్షన్ (అది ఎన్నోసారి మారిందో చెప్పే సంఖ్య) సరిచూసి, వెంటనే డేటాబేస్‌లో రాయడం మొదటి పద్ధతి. కోడ్ సులువుగా ఉంటుంది, తప్పు ఎక్కడ దొర్లిందో అక్కడే తెలుస్తుంది. కాని ప్రతి మార్పుకూ డేటాబేస్ దాకా వెళ్ళిరాక తప్పదు.

మార్పులను నోడ్లు (బిందువులు), వేలు (ways, బిందువులను కలిపే వీధుల వంటి గీతలు), రిలేషన్లు (వీటిని ఒకటిగా చేర్చే కూర్పులు) అని విడదీసి, ఒక్కో గుంపునూ ఒకే ఆదేశంతో రాయడం రెండోది. చిక్కంతా ఇక్కడి వరుసలోనే ఉంది. కొత్త నోడ్‌కు పటం గీసే సాఫ్ట్‌వేర్ (ఎడిటర్) పెట్టిన మైనస్ 1 వంటి తాత్కాలిక సంఖ్య స్థానంలో అసలు సంఖ్య దొరికాకే, ఆ నోడ్ మీదుగా పోయే వీధిని రాయగలం. తొలగింపుల్లో ఇదే వరుస తలకిందులై, ముందు రిలేషన్, చివరికి నోడ్ పోవాలి. ఒకే నోడ్ అదే మూటలో 3 నుంచి 4కు, 4 నుంచి 5వ వెర్షన్‌కు మారితే, రెండో మార్పును తర్వాతి విడతకు మళ్ళించాలి. లేకుంటే చరిత్రలో నాలుగో వెర్షన్ గల్లంతవుతుంది.

ఏ పద్ధతిలోనైనా డేటాబేస్ లావాదేవీ (ట్రాన్సాక్షన్) ఒక్కటే కావాలి: ఒక్క వెర్షన్ కలవకపోయినా 409 (వెర్షన్ల పొత్తు కుదరలేదనే సర్వర్ సంకేతం) జవాబుతో మూట మొత్తం వెనక్కి రావాలి. నా మొగ్గు రెండోదానికే. గుణుపురం వైపు నత్తనడక నెట్‌లో సర్వర్ జవాబు ఆలస్యమై లైను తెగితే, పని జరిగిందో లేదో తెలియక మనిషి మళ్ళీ పంపుతాడు. అప్పుడు కొత్త నోడ్లన్నీ జంటలుగా పడతాయి. గుంపుగా రాస్తే ఆ నిరీక్షణ తగ్గుతుంది, ముప్పు మాత్రం పూర్తిగా పోదు.