ఏ వీఎం ఎంత డేటా లాగిందో హోస్ట్ నుంచే చెప్పే వీఎన్‌స్టాట్

మా ఆఫీసులో ఉన్నది ఒకే సర్వర్. అదే హోస్ట్. దాని మీద కేవీఎం అనే సాఫ్ట్‌వేర్‌తో వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడుస్తాయి: అకౌంట్స్‌కి ఒక వీఎం, వెబ్‌సైట్లకి ఒకటి, టెస్టింగ్ పిల్లలకి ఒకటి. ఇంటర్నెట్ లైన్ బిల్లు పెరిగిన నెల "ఎవరు వాడారు?" అని అందరూ నన్నే అడుగుతారు. వీఎంల లోపల ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దానికి జవాబిచ్చే సాఫ్ట్‌వేర్ వీఎన్‌స్టాట్. అందుకే ఇది నాకు ప్రాణం.

ఇది ప్యాకెట్లు పట్టి చూడదు. ప్రతి ఇంటర్‌ఫేస్ (వీఎం నెట్‌వర్క్‌కి తగిలే చోటు) మీదా ఎన్ని బైట్లు పోయాయో లినక్స్ కెర్నెల్ ఎలాగూ లెక్క పెడుతుంది. కరెంటు మీటర్ రీడింగ్ తీసినట్టు ఇది ఆ అంకెలు తీసి డేటాబేస్‌లో రాసుకుంటుంది. సర్వర్ మీద భారం దాదాపు ఉండదు. వీఎంలను నడిపే విర్ష్ టూల్‌లోని డామ్‌ఐఎఫ్‌స్టాట్ కమాండ్ కూడా బైట్లు చూపిస్తుంది కానీ, వీఎం ఆపి మళ్లీ లేపితే ఆ లెక్క సున్నా నుంచి మొదలు. వీఎన్‌స్టాట్‌లో పాత లెక్క భద్రంగా ఉంటుంది.

పెట్టుకునే ముందు ఒక పని తప్పనిసరి. వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్ తనంతట తాను ఇంటర్‌ఫేస్‌లకి ఇచ్చే వీనెట్0, వీనెట్1 పేర్లు వీఎం రీస్టార్ట్ అయినప్పుడు మారిపోవచ్చు. అప్పుడు ఎవరి లెక్క ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేం. వీఎం సెట్టింగులుండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో టార్గెట్ దగ్గర మనమే పేరు పెట్టాలి. 15 అక్షరాలు దాటకూడదు. వీనెట్ అని మొదలుపెడితే లిబ్‌వర్ట్ ఆ పేరు పట్టించుకోదు. తర్వాత ఆ పేరును వీఎన్‌స్టాట్‌కి యాడ్ చేయాలి.

ఇంకో మెలిక: ఇక్కడ ఆర్‌ఎక్స్ (వచ్చిన డేటా), టీఎక్స్ (పంపిన డేటా) హోస్ట్ వైపు నుంచి చూసినవి. వీఎం బయటికి పంపింది హోస్ట్‌కి ఆర్‌ఎక్స్‌గా కనిపిస్తుంది. టెస్టింగ్ వీఎం "డౌన్‌లోడ్" ఎక్కువని ఎవరినైనా నిలదీసే ముందు అది తిరగేసి చదవండి. డామ్‌ఐఎఫ్‌స్టాట్ మాత్రం వీఎం వైపు నుంచే చెబుతుంది.

లోటు లేకపోలేదు. రాత్రి పూట ఆఫీసులోని స్టోరేజ్‌కి వెళ్లే బ్యాకప్, ఒక వీఎం నుంచి పక్క వీఎంకి వెళ్లే డేటా, ఇంటర్నెట్ వాడకం అన్నీ ఒకే మొత్తంలో కలిసిపోతాయి. బిల్లుతో సరిపోల్చేటప్పుడు ఇది పెద్ద ఇబ్బందే. ఏ ఐపీకి వెళ్తోందో ఇది చెప్పలేదు. ఇప్పుడు, ఈ నిమిషంలో లైన్ ఎవరు నింపేస్తున్నారో తెలియాలంటే అదే ఇంటర్‌ఫేస్ మీద ఐఎఫ్‌టాప్ అనే ఇంకో టూల్ నడపాల్సిందే.

గంటల లెక్క మామూలుగా 4 రోజులే ఉంచుతుంది, రోజుల లెక్క 62 రోజులు, నెలల లెక్క 25 నెలలు. కాన్ఫిగ్ ఫైల్‌లో గంటలది పెంచుకోండి. సోమవారం వచ్చిన ఫిర్యాదుకి గత వారం గంటలు వెతకాల్సి వస్తుంది. బిల్లు 1వ తేదీన కాక నెల మధ్యలో మొదలయ్యే వాళ్లు అదే ఫైల్‌లో మంత్‌రొటేట్ విలువ మార్చుకుంటే నెల లెక్క సరిగ్గా ఆ తేదీ నుంచే పడుతుంది. ఉచితం. డెబియన్, ఉబుంటు రిపోజిటరీల్లోనే దొరుకుతుంది.