టీచర్ల పని పరిస్థితుల మీద పరిశోధన: సర్వే డేటానా, స్టాఫ్‌రూమా?

విద్యా విధానాల మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: పెద్ద సర్వేల డేటాతో పని చేయాలా, బడులకు వెళ్లి టీచర్లతో మాట్లాడాలా? నేను మొదటిదానితో మొదలుపెట్టి, ఈమధ్యే రెండోదానికి మారాను.

డేటాకు బలం తక్కువేమీ కాదు. ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి ఓఈసీడీ 2008లో మొదలుపెట్టిన, టీచర్ల మీద అంతర్జాతీయ సర్వే టాలిస్‌లో మామూలుగా దేశానికి 200 బడులు, బడికి 20 మంది టీచర్లను తీసుకుంటారు. ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది. పేపర్లు కూడా త్వరగా వస్తాయి. అదే బడుల్లో తిరగాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పట్టొచ్చు, ఒక్క ఇంటర్వ్యూ విని రాసుకోవడానికి రోజంతా పోతుంది. ఫెలోషిప్ గడువు దగ్గరపడే వాళ్లకు ఇది నిజంగా టెన్షన్.

అయినా ఎందుకు మారానంటే, గడిచిన పూర్తి వారంలో ఎన్ని గంటలు పనిచేశారని టాలిస్ అడుగుతుంది. జవాబిచ్చేది ఇంకా బడిలో ఉన్న టీచరే. ఆ పని తట్టుకోలేక మానేసినవాళ్లు శాంపిల్‌లోనే ఉండరు. నాకు కావాల్సిన జవాబు వాళ్ల దగ్గరే ఉంది. చాలాచోట్ల పేద పిల్లలు చదివే బడుల నుంచే టీచర్లు ఎక్కువగా వెళ్లిపోతుంటారు. వాళ్ల స్థానంలో అనుభవం లేనివాళ్లు వస్తారు, కాస్త కుదురుకోగానే వాళ్లూ వెళ్తారు. పిల్లలకు మళ్లీ కొత్త టీచరే. పిల్లల చదువులో సమానత్వం, టీచర్ల పని పరిస్థితులు వేర్వేరు అంశాలు కావని నాకు అర్థమైంది ఇక్కడే.

ఉద్యోగ రికార్డులు దొరికితే ఎవరు ఎప్పుడు వెళ్లారో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఒకావిడ జీతం చాలక మానేశారనుకున్నాను. రెండు గంటలు మాట్లాడాక అసలు సంగతి బయటపడింది: క్లాసులో ఇబ్బంది పడుతున్న పిల్లాడి గురించి ఎన్నిసార్లు చెప్పినా పైవాళ్లెవరూ పట్టించుకోలేదట.

రెండూ కలిపి చేయొచ్చు కానీ, ఒక్కరే చేస్తే ఏదో ఒకటి సగంలో ఆగుతుంది. విధాన పత్రాల విశ్లేషణ అనే మూడో దారి కూడా ఉంది, కానీ అది థీసిస్‌లో ఒక అధ్యాయానికే సరిపోతుంది.

బడుల వైపే వెళ్తే, ముందు మానేసినవాళ్లతో మాట్లాడండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆచితూచి మాట్లాడతారు, వాళ్ల భయం న్యాయమైనదే. పేరు మార్చి రాసినా, చిన్న బడిలో ఏ సబ్జెక్టో చెబితే చాలు, మనిషెవరో తెలిసిపోతుంది.