రైతు దగ్గర నేరుగా కొనే దేశవాళీ బియ్యం: రకం కంటే ముందు మర పట్టిన తేదీ అడగండి

మిర్యాలగూడ వైపు ఒక చిన్న రైతు దగ్గర నేరుగా మైసూర్ మల్లిగ అనే దేశవాళీ రకం బియ్యం తెప్పించుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. సింగిల్ పాలిష్ (తవుడు పొర కొంత మిగిలేలా ఒక్కసారే పాలిష్ పట్టడం), మందుల్లేని పంట, ఆరోగ్యం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నేను చెప్పేది కొత్తగా మర పట్టిన బియ్యం గురించి. కుక్కర్ మూత తీయగానే వంటింటి నిండా ఆ వాసన, ఉత్త చారు పోసుకుని తిన్నా నాలుకకు తగిలే ఆ తీపి, నేను షాపులో కొన్న ఏ బియ్యంలోనూ లేవు. ఆ రైతు వడ్లుగానే దాచి, మనం అడిగాక మర పట్టిస్తాడు. తవుడు పొర ఉన్న బియ్యం ఎక్కువ రోజులు నిల్వ ఉంటే అందులోని నూనె పాడై వాసన మారుతుంది, పురుగు కూడా తొందరగా పడుతుంది. పొట్టు ఉన్నంతకాలం వడ్లకు ఆ బెడద తక్కువ.

ఒక వానాకాలం మాత్రం పాతిక కిలోల సంచి వచ్చిన వారం తిరక్కుండానే ముక్కపురుగు బయటపడింది. డబ్బా మూత మీద, గోడ మీద, పక్కనున్న పప్పుల్లో కూడా. మేడ మీద ఎండబోద్దామంటే ముసురు వదల్లేదు. అత్తయ్య చేటలో చెరిగీ చెరిగీ చేతులు నొప్పులు తెచ్చుకున్నారు. వేపాకు, ఎండుమిర్చి వేశాం కానీ, పురుగు గింజ లోపలే గుడ్లు పెడుతుంది కాబట్టి అప్పటికే పట్టిన దాన్ని అవేం చేయలేవు. కిలో 90 రూపాయలు పెట్టి కొన్నది చాలావరకు పక్షులకే వేశాం. రైతుకు కోపంగా ఫోన్ చేస్తే అతను దాచకుండా చెప్పాడు, అవి ఎండాకాలంలోనే మర పట్టించినవని. "పది బస్తాల కోసం మిల్లు నడపం అంటరు అక్కా. పెద్ద మిల్లుల పోస్తే మన వడ్లకు మన బియ్యమే వస్తయని నమ్మకం లేదు" అన్నాడు.

మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు! కానీ అవి లారీల లెక్కన పోసే వడ్ల కోసం కట్టినవి. ఊళ్లో చిన్న మర ఉన్నాయన ఇంకో నలుగురి వడ్లు పోగయ్యేదాకా ఆగమంటాడు, అందుకని ఇతను దొరికిన రోజే ఉన్నవన్నీ పట్టించేశాడు. చిన్న రైతుల గురించి మాట్లాడితే అందరం రేటు దగ్గరే ఆగిపోతాం. రేటూ ముఖ్యమే. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,369 రూపాయలు, క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కేసినా కిలోకు 35 చిల్లర. దిగుబడి బాగా తక్కువుండే దేశవాళీ రకం పండించేవాడికి అదేం గిట్టుతుంది? కానీ మనం మంచి రేటు ఇచ్చినా, ఆ పది బస్తాలు సమయానికి మర పట్టేవాళ్లు లేకపోతే అతను మళ్లీ దళారీకే అమ్ముకోవాలి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఇళ్లవాళ్లం కలిసి ముందే డబ్బు పంపి ఒకేసారి ఆర్డర్ పెడుతున్నాం. అంత సరుకుంటే చిన్న మర ఆయన ఆ వారమే పట్టి ఇస్తున్నాడు. ఇదంతా కూడగట్టడం కొంచెం టెన్షనే, ఎవరో ఒకరు చివర్లో వద్దంటారు. అయినా పురుగు బాధ చాలావరకు తగ్గింది. పైన వాసన గురించి అంత చెప్పాను కదా, అది మొదటి మూడు నాలుగు వారాలే, ఆ తర్వాత బాగానే ఉంటుంది కానీ అంత గొప్పగా చెప్పలేను. అందుకే ఒకసారికి పది కిలోలు మించి తీసుకోను. నూక కూడా ఎక్కువే, అప్పుడప్పుడు రాయి తగులుతుంది, ఏరుకోవాలి.

మాది చిన్న కుటుంబం, ఇంట్లో అత్తయ్య ఉన్నారు కాబట్టి సాగుతోంది. ఇద్దరూ ఉద్యోగాలకు పరిగెత్తే ఇంట్లో ఇది కుదురుతుందని గట్టిగా చెప్పలేను. మా అమ్మాయి లంచ్ బాక్స్‌లోకి ఇప్పటికీ సాంబ మసూరే వండుతున్నా, ఇది తినదు. మీతో కలిసి కొనేవాళ్లు ఎవరూ లేకపోతే వానాకాలం వదిలేయండి, సంక్రాంతి తర్వాత కొద్దిగా తెప్పించి చూడండి.