ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్ట్: మారథాన్ శిక్షణలో నాకు బాగా పనికొచ్చిన వస్తువు

మారథాన్ శిక్షణ మొదలుపెట్టాక కొన్న వాటిలో షూస్ కంటే, వాచీ కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ బెల్ట్. నా పరుగు మెరుగుపడిందని నమ్మకంగా చెప్పగలుగుతున్నానంటే దీనివల్లే.

వాచీలో ఎలాగూ సెన్సర్ ఉంటుంది కదా, మళ్లీ ఇదెందుకని చాలామంది అడుగుతారు. వాచీ చర్మం మీద పచ్చ లైటు వేసి, లోపల రక్తం కదలికను బట్టి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. చేయి ఊగుతున్నా, పట్టీ వదులైనా ఆ లెక్క తప్పుతుంది. ఒక్కోసారి మన అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది. పక్కనున్న స్నేహితురాలితో మాట్లాడుతూ హాయిగా పరిగెడుతున్నా నా వాచీ 170 చూపించేది. నిమిషానికి నేను వేసే అడుగులు కూడా దాదాపు అన్నే! ఆ అంకె చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగిలేది కాదు. బెల్ట్ అలా కాదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా పుట్టే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, ఈసీజీలో లాగా. బెల్ట్ కట్టుకుని అదే దారిలో, అదే వేగంతో పరిగెత్తితే 148 వచ్చింది.

నా వయసు 46. 220లోంచి వయసు తీసేసే లెక్క ప్రకారం నా గరిష్ఠ హార్ట్ రేట్ 174 ఉండాలి. ఎత్తు మీదికి గట్టిగా పరిగెత్తినప్పుడు బెల్ట్ 185 చూపించింది. ఆ సూత్రం సగటు మనిషికి వేసిన ఉజ్జాయింపు మాత్రమే కాబట్టి, జోన్లన్నీ, అంటే ఏ శ్రమకు గుండె ఎంత వేగంలో ఉండాలో చెప్పే హద్దులన్నీ, నా సొంత అంకెతో మళ్లీ పెట్టుకున్నాను. ఈజీ రన్ అంటే నాకు 145 లోపు. మొదట్లో ఆ హద్దులో ఉండాలంటే కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు పట్టేది, ఎత్తు వస్తే నడవాల్సి వచ్చేది. ఇప్పుడు అదే 145తో ఏడు నిమిషాల లోపే కిలోమీటరు అవుతోంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంది, కాలి కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరిగాయి. ఇదంతా లోపల జరిగే పని, అద్దంలో కనిపించదు.

నాకు ఇంకా సంతోషమిచ్చింది లాంగ్ రన్. వేగం పెంచకపోయినా, ఒంట్లో నీరు తగ్గి వేడి పెరిగేకొద్దీ గుండె వేగం మెల్లగా పైకి పాకుతుంది. ఇదివరకు 20 కిలోమీటర్లు దాటేసరికి నాకు 165కు చేరేది. మొన్న 28 కిలోమీటర్లు పరిగెత్తినా 153 దాటలేదు. 42.195 కిలోమీటర్ల పరుగులో చాలామందికి 30 దాటాక కండరాల్లోని గ్లైకోజెన్, అంటే నిల్వ ఉన్న చక్కెర, అడుగంటుతుంది. తక్కువ శ్రమతో వెళ్తే ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకుని ఆ నిల్వను కాపాడుతుంది. అందుకే ఈ 153 నాకు రేసు టైమ్ కంటే విలువైనది.

ఇక ఇబ్బందులు. ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రా అంచు, బెల్ట్ ఒకేచోట పడి ఒరుసుకుంటాయి. దూరం పరిగెత్తే రోజు వాసెలిన్ రాయకపోతే చెమట తగిలి భగ్గుమంటుంది. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు చూపిస్తుంది, కాబట్టి బెల్ట్‌లో చర్మానికి ఆనే ప్యాడ్లను ముందే నీళ్లతో తడపాలి. గాలి పొడిగా ఉన్న రోజుల్లో సింథటిక్ టీషర్టు రెపరెపలాడినా స్టాటిక్ కరెంటు వల్ల అంకె ఎగురుతుంది.

కొనేముందు పట్టీ విడిగా దొరుకుతుందో లేదో చూడండి. సెన్సర్ చాలాకాలం ఉంటుంది, ముందు సాగిపోయేది ఎలాస్టిక్కే. సన్నటివాళ్లు చిన్న సైజు ఉందో లేదో కూడా కనుక్కోవాలి. సరదాగా ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు మాత్రం ఇది అక్కర్లేదు, వాచీ చాలు.

పరుగు అయ్యాక సెన్సర్ విప్పి, పట్టీని మంచినీళ్లలో జాడించి ఆరేయండి. తడి పట్టీకే వదిలేస్తే అది ఆన్‌లోనే ఉండి, బిళ్ల బ్యాటరీని ఊరికే తాగేస్తుంది.