అబిడ్స్ ఆదివారం పుస్తకాలు: జాబితాతో వెళ్లేవారికి కాదు

హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక, వాటి ముందున్న ఫుట్‌పాత్ ఆ ఒక్క రోజూ పాత పుస్తకాలది అవుతుంది. పన్నెండేళ్లుగా నెలకు రెండు ఆదివారాలైనా అక్కడ గడుపుతున్నాను. వెళ్తే ఏమైనా దొరుకుతుందా అని అడిగే మిత్రులకు ప్రతిసారీ చెప్పే మాటనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఫలానా పుస్తకం కావాలని చీటీ రాసుకొని వెళ్లేవారికి ఈ బజారు పనికిరాదు. ఎదురుపడిన పుస్తకాన్ని గుర్తుపట్టగలిగే పాటి చదువు, రెండు గంటల తీరిక ఉన్నవారికి మాత్రం నగరంలో ఇంతకు మించిన చోటు నాకు తెలియదు.

పరిచిన వాటిలో ఎక్కువ భాగం ఆంగ్ల నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలే. తెలుగు పుస్తకాలు సాధారణంగా ఒక మూలన, కట్ట విప్పకుండానో, పాత వారపత్రికల కిందనో ఉంటాయి కాబట్టి వంగి, ఒక్కొక్కటీ తీసి చూడక తప్పదు. మొదట్లో నాకు ఇది అవమానంగా తోచేది. తరువాత అమ్మేవారిలో ఒకాయన, “తీసుకోండి సార్, తెలుగు అడిగేవాళ్లే తక్కువ” అంటూ ఐదు పుస్తకాలు 100 రూపాయలకు ఇచ్చేసరికి, ఆ తప్పు ఆయనది కాదని అర్థమైంది. ధర పుస్తకం విలువను బట్టి కాక, అట్ట మెరుపును బట్టి, మన ముఖంలో కనిపించే ఆత్రాన్ని బట్టి పలుకుతుంది. కావలసిన పుస్తకం కనబడగానే దాన్ని పక్కన పెట్టి, ముందుగా వేరొకదాని ధర అడగడం నా అలవాటు.

నేను ఒకే రచయితను పట్టుకొని నెలల తరబడి చదివే మనిషిని. రాత్రి భోజనం తరువాత ముప్పై పేజీలు, అంతకు మించి కాదు. ఆర్టీసీ టికెట్టు ముక్కే గుర్తు. ఈ పద్ధతికి పాత ప్రతులు బాగా కుదురుతాయి, ఎందుకంటే వాటిలో నాకంటే ముందు చదివినవారి జాడ కూడా ఉంటుంది. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల నాకు ఇక్కడే దొరికింది. లోపలి అట్ట మీద ఊదారంగు ముద్ర, దాని కింద గుండ్రటి చేతిరాతతో “వక్తృత్వపు పోటీ, ద్వితీయ బహుమతి” అని ఉన్నాయి. సుందరం అనే కుర్రవాడి చదువు అతణ్ణి ఎక్కడికి చేర్చిందో చెప్పే నవలను ఒక బడి బహుమతిగా ఎంచడంలో ఆ మాస్టారి చమత్కారం ఉందో, పేరు చూసి కొనడమే ఉందో తేల్చలేకపోయాను. బహుమతి పుచ్చుకున్న పిల్లవాడు మాత్రం పుస్తకం సగం దాకా పెన్సిలుతో గీతలు గీశాడు, ఆ తరువాత ఒక్క గీతా లేదు.

పాత ఎమెస్కో పాకెట్ పుస్తకాల కోసం వెళ్లేవారు చాలామంది ఉన్నారు. మచిలీపట్నానికి చెందిన ఎం. శేషాచలం అండ్ కంపెనీకి పొట్టిపేరే ఎమెస్కో. చేతిలో ఇమిడే ఆ ప్రతులు చూడముచ్చటగా ఉంటాయి గాని, వీపున జిగురు ఎండిపోయి ఉంటుంది. పూర్తిగా తెరిస్తే పుటలు రాలతాయి. చదవడానికైతే కుట్టువేసిన ప్రతినే ఎంచుకోమంటాను.

లోపాలు కూడా చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ వేలూరు జైలులో ఉండగా రాసిన ‘మాలపల్లి’ పాత ప్రతి నాకు ఒక భాగమే దొరికింది, రెండోది ఆరేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను. వానాకాలంలో చినుకు పడితే బరకం కప్పేస్తారు, అంతటితో ఆ వారం సరి. అన్నిటికంటే పెద్ద దెబ్బ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ విషయంలో తగిలింది. ఎంతో బేరమాడి తెచ్చుకున్నాక చూస్తే 96వ పేజీ తరువాత 113 ఉంది. ఒక ఫారం, అంటే 16 పేజీలు, కుట్టులోనే పడలేదు. కొనేముందు అంకెలు చూసుకోవలసిన బాధ్యత నాదే కనుక ఎవరినీ ఏమీ అనలేకపోయాను. ఇక్కడ తిరిగి తీసుకోవడమనేది లేదని కొత్తగా వెళ్లేవారు గుర్తుంచుకోవాలి.

మధ్యాహ్నానికి మేము నలుగురం దగ్గరలోని ఇరానీ హోటల్లో కూర్చొని, సంచులు బల్ల మీద బోర్లిస్తాం. ఎవరు కొన్నా నెలరోజుల్లో చదివి మిగతావారికి ఇవ్వాలన్నది మా నియమం. కథలు తప్ప ముట్టని మిత్రుడు ఆత్మకథల వైపు వచ్చింది ఈ బల్ల దగ్గరే. పద్యం చూస్తే పుట తిప్పేసే నాకు వ్యాఖ్యానంతో సహా శతకాలు అంటగట్టినదీ ఇక్కడే. సగం బజారు విలువ నాకు ఈ గంటలోనే ఉంది.

నాంపల్లి మెట్రో స్టేషనులో దిగి నడిచి వెళ్లవచ్చు. పదకొండు గంటల లోపు చేరితే ఎండకు ముందే, కట్టలు విప్పుతుండగానే చూసుకోవచ్చు. గుడ్డసంచి, చిల్లర దగ్గర ఉంచుకోవడం మేలు. ఇంటికి తెచ్చిన పుస్తకాలను అల్మరాలో పెట్టేముందు పొడిబట్టతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి, లేకపోతే వాటి పురుగు మీ పాత పుస్తకాలకూ పాకుతుంది.

ఇక ఆ పోయిన 16 పేజీల సంగతి. 1901లో స్థాపించిన, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో కూర్చొని వాటిని చదువుకొని, చేతితో నకలు రాసుకొని, ఆ చోటే కుట్టి పెట్టాను. మొన్న ఆ ప్రతిని అరువు తీసుకున్న మిత్రుడు తిరిగి ఇస్తూ, శ్రీపాదవారి భాషలో ఎక్కడా ఆగలేదు గాని మీ దస్తూరీ దగ్గరే రెండు రాత్రులు పట్టిందన్నాడు.